ఉసిరి చెట్టుకు దడి కట్టిన కార్తీకం

2018 జూన్ రెండో వారంలో నేను గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున ఉన్న ఒక సెక్షన్‌కు బదిలీ మీద వెళ్లి చార్జి తీసుకున్నాను. అప్పటికి నేను అటవీ శాఖలో సెక్షన్ ఆఫీసరుని. మా శాఖలో నేల మీద తిరిగేవాళ్లలో మొదటి మెట్టు బీట్ ఆఫీసరు. కొన్ని బీట్లు కలిస్తే ఒక సెక్షన్, కొన్ని సెక్షన్లు కలిస్తే ఒక రేంజ్. రేంజ్ ఆఫీసరు మా అందరికీ పైన. కోనసీమలో అడవి ఎక్కడ ఉందని నన్ను చాలామంది అడిగేవారు. కొబ్బరితోటలు మా లెక్కలోకి రావు. సముద్రం వైపు మడచెట్లు, సరుగుడు తోటలు, గోదావరి ఒడ్డున అక్కడక్కడా మిగిలిన చెట్ల గుంపులు, ఇవే మాకు అడవి.

నా సెక్షన్‌లో పదకొండు ఎకరాల వనవిహార కేంద్రం ఒకటి ఉండేది. నేరేడు, కానుగ, తెల్లమద్ది, రావి పెరిగిన పాత తోపు. మూడు వైపులా కంచె, నాలుగో వైపు గోదావరి. పొద్దున్న వచ్చి సాయంత్రం ఐదున్నరకు గేటు దాటి వెళ్లేవాళ్లను పగటి సందర్శకులు అనేవాళ్లం. రాత్రి ఉండేవాళ్లు క్యాంపువాళ్లు. వాళ్ల కోసం ఒడ్డుకు బాగా లోపలగా ఆరు సిమెంటు అరుగులు, వాటి మీద ఆరు గుడారాలు. వరదల్లో ఒడ్డు కోసుకుపోతుంది కాబట్టి ఏటి అంచున గుడారం వేయనిచ్చేవాళ్లం కాదు. టిక్కెట్లు ఇవ్వడం, తుడవడం, నీళ్లు పెట్టడం, చెత్త ఎత్తడం అంతా ఊరి వన సంరక్షణ సమితి ఆడవాళ్ల పని. వాళ్లు తొమ్మిది మంది. టిక్కెట్ల మీద వచ్చిందే వాళ్ల కూలి. సమితి అధ్యక్షురాలు మంగాయమ్మ. నాకంటే నాలుగేళ్లు చిన్నది, గొంతు మాత్రం ఏటి అవతలికి వినిపిస్తుంది.

ఏడాదిలో పదకొండు నెలలు ఆ తోపు నిదానంగా నడుస్తుంది. కార్తీకమాసంలో మాత్రం ఆదివారం వస్తే కాలు పెట్టే చోటు ఉండదు. వీధులవాళ్లు, ఆఫీసులవాళ్లు, బంధువర్గాలు బస్సులు కట్టుకుని వనభోజనాలకు వస్తారు. సమితివాళ్ల ఏడాది కూలిలో సగం ఆ నాలుగు ఆదివారాల్లోనే రావాలి. వనభోజనాలవాళ్లందరూ మా తోపుకే రావడానికి కారణం ఒక్కటే, ఏటి వైపు ఉన్న పెద్ద ఉసిరి చెట్టు. కార్తీకంలో ఉసిరి కింద భోజనం చేయాలన్నది ఆచారం. అంత పెద్ద ఉసిరి ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. నాకు ముందు ఎవరో ఇంకో ఇరవై మొక్కలు నాటించారు గానీ, నర్సరీ నుంచి వచ్చినవి రాచ ఉసిరి మొక్కలు. పచ్చడికి బాగుంటాయి, పూజకు పనికిరావు. అవి కాపుకొచ్చే దాకా ఎవరూ గమనించలేదట.

చార్జి తీసుకునేటప్పుడు పెద్ద చెట్లను కొలిచి చూడటం నా అలవాటు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే మనిషి ఛాతీ దగ్గర, టేపు చుట్టి మానుకొలత తీస్తాం. ఉసిరి దగ్గర టేపు పెట్టబోయి తల ఎత్తాను. జూన్‌లో ఉసిరి నిండా ఆకు ఉండాలి. పడమటి వైపు నిండుగానే ఉంది. తూర్పు వైపు కొమ్మలు రెండు పూర్తిగా ఎండిపోయాయి, మూడోది ఎండిపోతూ ఉంది. ఆ వైపు నేల మీద మూడు చోట్ల మసి కనిపించింది. బీట్ ఆఫీసరు చేత జానెడు లోతు తవ్వించాను. బొటనవేలంత లావు వేళ్లు పారతో తెగి, కాలి, బొగ్గులై ఉన్నాయి.

అవి గాడిపొయ్యిల గుర్తులు. వందల మందికి వండేటప్పుడు నేలలో పొడుగ్గా కాలువలాగా తవ్వి, కింద కట్టెలు పెట్టి, పైన గుండిగలు వరసగా ఎక్కిస్తారు. చెట్టు మీద భక్తి కొద్దీ ఆ పొయ్యిని కూడా ఉసిరి కిందే తవ్వుతున్నారు. చెట్టు కొమ్మలు ఎంత దూరం పరుచుకుంటాయో, వేళ్లు అంతకంటే ఎక్కువ దూరం పోతాయి. పైగా అవి మూరెడు లోతులోపే ఉంటాయి. ఇలాగే మరో రెండు కార్తీకాలు జరిగితే ఆ చెట్టు నిలవదని నాకు అర్థమైంది.

జులైలో రెండు పనులు చేశాను. చెట్టుకు దూరంగా, ఖాళీ జాగాలో ఇటుకలతో శాశ్వతమైన పొయ్యిలు కట్టడానికి ఎస్టిమేటు, అంటే ఖర్చు అంచనా, పైకి పంపాను. కొమ్మల నీడ పడే చోటుకు ఆరడుగులు బయటగా వెదురు దడి కట్టించి, లోపల నిప్పు పెట్టకూడదని బోర్డు పెట్టించాను. దడి నెలలోపే పూర్తయింది. ఎస్టిమేటు మంజూరు కాలేదు. రేంజ్ ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. చెట్టుకు కంచె కడితే కార్తీకంలో ఎవరొస్తారని అడిగారు. చెట్టు చచ్చిపోతే ఎవరొస్తారని నేను అడిగాను. ఆయన నవ్వి, మీ ఇష్టం అన్నారు. మంగాయమ్మ మాత్రం నవ్వలేదు.

"దేవుణ్ణి గుళ్లో పెట్టి తాళమేసినట్టుందండి మేడం గారండీ. తొమ్మండుగురం ఏం తింటామండీ?" అంది.

ఆ ఏడు కార్తీకంలో మొదటి ఆదివారం నాగులచవితి పడింది. జనం పుట్టల దగ్గరికి వెళ్లారు గానీ తోపుకు రాలేదు. రెండో ఆదివారం నవంబరు పద్దెనిమిది. కొత్తపేట నుంచి ఒకే వీధివాళ్లు రెండు వందల మంది వస్తామని ముందే డబ్బు కట్టారు. అంతకు ముందు రోజు నుంచే గుడారాల్లో రాజోలు వైపు టీచర్ల కుటుంబాలు క్యాంపు చేస్తున్నాయి. అందరూ ఒకే చర్చివాళ్లు. వాళ్లను వెంటబెట్టుకొచ్చినాయన ప్రకాశం మాస్టారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకు నేను గేటు దాటేసరికి ఉసిరి దగ్గర పార చప్పుడు వినిపించింది. దడిలో నాలుగు వెదుళ్లు ఊడదీసి పక్కన పెట్టారు. లోపల వంటమేస్త్రి సూరిబాబు, ఇద్దరు మనుషులు సగం గాడి తవ్వేశారు. గుండిగలు, గుమ్మడికాయలు, పనసపొట్టు బస్తా, బూరెల మూకుడు చెట్టు మొదట్లో దించి ఉన్నాయి. ఆపమన్నాను.

"ఆయ్. ఆపేనండి," అన్నాడు సూరిబాబు. పార నేలకు ఆనించి, దాని మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. "నాకేటండీ, ఎక్కడెట్టమంటే అక్కడెడతాను. పన్నెండున్నరకి వడ్డన. సత్తిబాబు గారితో మీరే చెప్పుకోండి."

సత్తిబాబు గారు ఆ వీధికి పెద్ద, కొబ్బరి రైతు. పది నిమిషాల్లో మోటారు సైకిలు మీద వచ్చారు. విషయం విని ముందు నవ్వేరు, తర్వాత కోపం తెచ్చుకున్నారు.

"ఉసిరి కింద వండుకోని వనభోజనం ఎక్కడైనా ఉందా అండీ? ఇంటి దగ్గర వండుకుని డబ్బాల్లో తెచ్చుకుంటే పోయేది కదా. డబ్బులు కట్టించుకున్నప్పుడు చెప్పని దడి ఇప్పుడెక్కడిదండీ? రెండు వందల మంది బస్సుల్లో ఎక్కేసేరు. వెనక్కి తిప్పమంటారా చెప్పండి, తిప్పేస్తాను. పైవాళ్లకి ఫోను కూడా చేస్తాను."

చేయమన్నాను, నంబరు కావాలంటే ఇస్తానన్నాను.

మంగాయమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లింది. ఆ గొంతు అంత నెమ్మదిగా పలకగా నేను వినడం అదే మొదటిసారి. "ఈళ్లు తిరిగెళ్లిపోతే మజ్జాన్నానికల్లా అన్ని ఊళ్లకీ ఫోన్లలో ఎళ్లిపోద్దండి. వచ్చే ఆదివారం మూడు బస్సులున్నాయి, ఒక్కటీ రాదు. ఈ ఒక్కసారికీ ఒదిలెయ్యండమ్మా," అంది.

ఆమె చెప్పింది నిజమే. ఈ ఒక్కసారి వదిలేస్తే రాబోయే మూడు బస్సులకూ అదే దారి అవుతుందన్నదీ నిజమే. చట్టం చెప్పి నేను వాళ్లను ఆపగలను. కానీ రెండు వందల మంది ఆకలితో వెనక్కి పోతే మా బోర్డు విలువ పెరగదు, సమితికి కూలీ రాదు.

నేను సత్తిబాబు గారిని గాడి దగ్గరికి రమ్మన్నాను. సూరిబాబు అప్పుడే తెంపిన వేరు తడిగా, తెల్లగా ఉంది. దానికి జానెడు దూరంలో కిందటేడు కాలిన వేరు బొగ్గులాగా ఉంది. రెండూ చూపించి, పైన ఎండిన కొమ్మలూ చూపించాను. ఆయన వంగి చూశారు. అప్పుడు ఒకే మాట అడిగాను: మీ తోటలో కాపు మీదున్న కొబ్బరి చెట్టు మొదట్లో గాడిపొయ్యి తవ్వనిస్తారా?

"అబ్బే, ఎవడన్నా తవ్వనిస్తాడా అండీ? నిప్పు సెగకే చెట్టు గెల రాల్చేస్తుంది, ఇంక వేరు తెగితే..." అని ఆగిపోయారు.

సూరిబాబు పార భుజాన వేసుకున్నాడు. "ఇరుక్కుపోయేరు సత్తిబాబు గారండీ," అన్నాడు.

"నువ్వు నోరుముయ్యరా. ముందా గొయ్యి పూడ్చు," అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి, "మరి ఎక్కడ వండమంటారండీ? అది కూడా మీరే చెప్పాలి," అన్నారు.

న్యాయమైన ప్రశ్న. నా పొయ్యిల ఎస్టిమేటు ఇంకా పైనే ఉంది. అయితే గేటు వెనక పాత పంపు షెడ్డు కూలిపోయి ఇటుకల గుట్ట ఉంది. పనికిరానివని మా స్టాకు లెక్కలోంచి అప్పటికే తీసేశారు కాబట్టి వాటిని వాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెట్లకు దూరంగా, గాలివాటు చూసి, నేల తవ్వకుండా ఇటుకల మీదే పొయ్యిలు పేర్చుకోవచ్చు. కానీ గుట్ట నుంచి ఆ జాగా దాకా ఇటుకలు మోయాలి, అప్పటికే ఏడు దాటింది.

గుడారాల వైపు నుంచి ఇదంతా చూస్తున్న ప్రకాశం మాస్టారు పళ్లు తోముకుంటూనే వచ్చారు. "మేం ఇరవై ఆరు మందిమండీ, పొద్దుట ఎక్సర్‌సైజు ఇంకా అవలేదు. ఇటుకలు మోస్తే మాకూ ఓ ముద్ద పెడతారా?" అని సత్తిబాబు గారిని అడిగారు.

"ముద్దేంటండి మాస్టారూ, బూరెలతో సహా విస్తరేయిస్తాను!"

"అయితే ఆయ్," అని మాస్టారు వెనక్కి తిరిగి ఈల వేశారు.

టీచర్లు గుట్ట నుంచి పొయ్యిల దాకా వరసగా నిలబడి ఇటుకలు చేతి నుంచి చేతికి అందించారు. సమితి ఆడవాళ్లు కొంగులు బిగించి వరసలో కలిశారు. మంగాయమ్మ చివర నిలబడి, విరిగిన ఇటుక వస్తే అందించినవాళ్లను పేరు పెట్టి తిట్టింది. వాళ్ల పేర్లు ఆమెకు ఎప్పుడు తెలిశాయో నాకు తెలియదు. సూరిబాబు మూడు పొయ్యిలు పేర్చాడు. ఎనిమిదింటికి నిప్పు అంటుకుంది. కింద తడి లేదు కాబట్టి గాడి కంటే మంట బాగుందని తానే ఒప్పుకున్నాడు, కట్టెలు కూడా తక్కువ పట్టాయన్నాడు.

భోజనం మాట మిగిలింది. ఉసిరి కింద కూర్చుని తినడానికి నాకు అభ్యంతరం లేదు. చెట్టుకు చేటు నిప్పుతో, పారతో వస్తుంది గానీ విస్తరితో రాదు. కానీ ఆ నీడలో రెండు వందల మంది పట్టరు. అంతకు ముందు ఏళ్లలో కూడా పట్టలేదు. చెట్టు కింద తిన్నామనుకున్న వాళ్లలో చాలామంది నేరేళ్ల కింద తిన్నవాళ్లే. మా ఆఫీసు వెనక, వానాకాలంలో పంచగా మిగిలిన ఉసిరి మొక్కలు సంచుల్లో ఉన్నాయి, ఈసారి అసలు ఉసిరివే. పంక్తికి ఒకటి చొప్పున పెడితే సరిపోతుందా అని వాళ్లతో వచ్చిన పంతులుగారిని అడిగాను.

"మొక్కయినా ఉసిరే కదమ్మా. పెద్ద చెట్టుకి పూజ చేసి, పెద్దవాళ్లని అక్కడ కూర్చోబెడదాం. మిగతావాళ్లకి మొక్కలు చాలు," అన్నారాయన.

పన్నెండున్నరకు మొదలుకావలసిన వడ్డన ఒంటిగంటకు మొదలైంది. పులిహోర, ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు. సత్తిబాబు గారు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని వద్దంటున్నా నెయ్యి పోయించారు. నేను డ్యూటీలో ఉండగా సందర్శకుల దగ్గర తినను. ఆ రోజూ తినలేదు. మంగాయమ్మ రెండు బూరెలు ఆకులో చుట్టి నా బల్ల మీద పెట్టింది. సాయంత్రం గేటు వేశాక తిన్నాను.

వెళ్లేటప్పుడు ఆడవాళ్లు పంక్తుల్లోని మొక్కలు అడిగారు. శాఖ ధరకు రసీదు రాసి ఇచ్చాం. తర్వాతి ఆదివారం మూడు బస్సులూ వచ్చాయి. అందులో ఒక వంటమేస్త్రి దడి దగ్గరికి పార తెస్తే, అతన్ని నేను చూసేలోపే మంగాయమ్మ చూసింది. ఆ కార్తీకం ముగిసేసరికి సమితికి కిందటేడు వచ్చినంతే వచ్చింది, మొక్కల అమ్మకంలో వాళ్ల వాటా కాస్త పైన. నేను భయపడినట్టు తగ్గలేదు, ఎవరూ ఆశించినట్టు పెరగనూ లేదు. పొయ్యిల ఎస్టిమేటు తర్వాతి మార్చిలో మంజూరైంది.

ఉసిరి తూర్పు కొమ్మలు రెండూ కొట్టించక తప్పలేదు. మూడోది చిగిర్చింది. నేను అక్కడి నుంచి మారేటప్పుడు మళ్లీ టేపు చుట్టి చూశాను, మాను రెండు అంగుళాలు లావెక్కింది.

నా తర్వాత వచ్చిన ఆఫీసరుకు చార్జి అప్పగిస్తూ ఒక మాట చెప్పాను. ఇలాంటి చోట ఏదైనా ఆపాలంటే, జనం చేయాలనుకున్న పనికి ముందు వేరే చోటు చూపించాలి, బోర్డు తర్వాత పెట్టాలి. ఆ ఏడు మా దగ్గర ముందు దడి వచ్చింది, తర్వాత పొయ్యిలు వచ్చాయి. ఆ మధ్యలో ఒక ఇటుకల గుట్ట, ఇరవై ఆరు మంది క్యాంపువాళ్లు ఉండబట్టి గడిచింది. ప్రతి తోపులోనూ ఉంటారని అనుకోకూడదు.