తొట్టిలో సూర్యులు

వెల్డింగు చేసేవాడికి రెండు చేతుల్లోనూ పనే. నుదుటి మీదికి ఎత్తి పెట్టుకున్న ముసుగు ముఖం మీదికి దిగాలంటే మెడతో ఒక్క విసురు విసరాలి. ముసుగు టప్పున పడుతుంది. అప్పుడు నిప్పు రాజుకుంటుంది.

వీధిలో అందరూ మెరుపుల మామ అని పిలిచే ఆ వెల్డరు మెడకి ఇది ఎంత అలవాటైందంటే, దానికి ఇప్పుడు ముసుగుతో నిమిత్తం లేదు. భోజనానికి కూర్చుంటే ఒక విసురు. చెప్పుల్లో కాళ్లు పెట్టేముందు ఒక విసురు.

"ఎవరితో ఒప్పుకుంటూ తలూపుతున్నావయ్యా రోజూ?" అని భార్య నవ్వేది.

ఆ మెడే ఆయన కొంప ముంచింది.

భార్య విశ్వాసి. అత్తగారు అంతకు రెండింతలు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం వాళ్లని చర్చికి తీసుకెళ్లి, తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చుని, ప్రసంగం సగం విని సగం కునికేవాడు. బాప్తిస్మం మాట ఎత్తితే ఒకటే జవాబు.

"వారమంతా వెలుగుతోనే నా గొడవ. ఆదివారం కూడా వెలుగు, వెలుగు అంటే ఎలా? కాసేపు చీకట్లో కూర్చోనివ్వండి."

పోయిన ఆదివారం పాస్టరుగారు ప్రసంగం ముగించి, "వచ్చే వారం బాప్తిస్మం తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే మామకి కాలు తిమ్మిరెక్కింది. మెల్లగా లేచి బయటికి జారుకుందామనుకున్నాడు. లేచే ముందు మెడ దాని పని అది చేసుకుపోయింది.

"స్తోత్రం!" అన్నారు పాస్టరుగారు.

హాలు హాలంతా వెనక్కి తిరిగింది. అత్తగారు బావురుమంది. భార్య రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి కన్నీళ్లు కారుతున్నాయి. కాలు తిమ్మిరెక్కిందని ఆ కళ్లతో ఎలా చెప్పడం?

సోమవారం చెబుదామనుకున్నాడు. సోమవారం ఆమె పాట పాడుకుంటూ గిన్నెలు తోముతోంది. మంగళవారం అత్తగారు పక్క కొట్టు దర్జీని పిలిచి, అల్లుడికి తెల్లచొక్కా కుట్టమని కొలతలు తీయించింది. బుధవారం చర్చి నుంచి, నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చే ఇనుప తొట్టి బండి మీద వచ్చి మామ కొట్లో దిగింది.

"మూల నుంచి కారుతోంది బ్రదర్," అన్నారు వెంట వచ్చిన పాస్టరుగారు. "మీ తొట్టి మీ చేత్తోనే బాగుచేసుకుంటే ఎంత దీవెన!"

ఆయన వెళ్లాక దర్జీ గుమ్మంలో నిలబడ్డాడు. "తన గోతిని తనే తవ్వుకున్నవాళ్లని చూశాను గానీ మామా, తొట్టి అతుక్కునేవాణ్ణి నిన్నే చూడ్డం."

"నీ కత్తెర నువ్వు ఆడించుకో, పోరా."

కానీ ఆ మాటతోనే మామకి ఒక దారి కనిపించింది. అతుకు కాస్త వదులుగా వేస్తే? ఆదివారానికి నీళ్లన్నీ కారిపోతాయి. బాప్తిస్మం వాయిదా పడుతుంది. అబద్ధమూ ఆడక్కర్లేదు, నిజమూ చెప్పక్కర్లేదు.

శనివారం పొద్దున్నే తొట్టిలోకి దిగి ముసుగు వేసుకున్నాడు. తీరా మొదలుపెట్టాక చేతులు మాట వినలేదు. చెడ్డ అతుకు వేయడం వాటికి చేతకాదు. అతుకు మీద పేరుకున్న చిట్టెం కొట్టి చూస్తే చీమ దూరే సందు లేదు. తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆ పొద్దున సూర్యగ్రహణం. వీధి వీధంతా కొట్టు ముందు చేరింది. అందరికీ ఆయన నల్లద్దాలు కావాలి. పద్నాలుగో నంబరువి రెండే ఉన్నాయి. అంతకన్నా పలచనిదాంతో చూస్తే కళ్లు పోతాయని ఇంకేవీ ఇవ్వలేదు. ఒకటి చేతులు మారుతోంది. రెండోది ముసుగుకే బిగించి ఉంది. దాన్ని అత్తగారు ముసుగుతో సహా పట్టుకుపోయి, తలకి తగిలించుకుని, వీధి మధ్య కుర్చీ వేసుకుంది.

"ఏం కనిపిస్తోంది పెద్దమ్మా?" అన్నాడు దర్జీ.

"ఎవరో కొరికారు."

"మాకూ కాస్త చూపించకూడదూ?"

"ఉండరా. ఇంకా నములుతున్నారు."

మామ బయటికి రాలేదు. కళ్లు మండే వెలుగు ఆయనకి కొత్తా? తొట్టిలోకి నీళ్ల గొట్టం వదిలాడు. మూల దగ్గర చతికిలబడి, ఒక్క చుక్కైనా కారకపోతుందా అని చూస్తూ కూర్చున్నాడు. కారలేదు. నీళ్లు మోకాలెత్తు వచ్చాయి. ఉన్నట్టుండి వెలుతురు మసకబారింది. గొట్టం కట్టేద్దామని లేచి తొట్టిలోకి తొంగిచూశాడు.

కొట్టు రేకుల కప్పు నిండా మేకుల చిల్లులు. వానొస్తే కారుతుంది. ఆయన తిట్టుకుంటూ బకెట్లు పెడతాడు. ఎండొస్తే గుండ్రటి వెలుగు చుక్కలు పడతాయి. వాటిని ఏనాడూ పట్టించుకోలేదు. ఇవాళ అవి గుండ్రంగా లేవు. తొట్టి అడుగున, నీళ్ల కింద, సన్నటి కొడవళ్లు. అన్నీ ఒకే వైపుకి వంగి, నీళ్లతో పాటు ఊగుతూ. నేల మీద, గోడకి ఆనించిన గేటు మీద, తన ముంజేతి మీద.

'అయిపోయింది. కళ్లు పోయాయి' అనుకున్నాడు. నులుముకున్నాడు. కొడవళ్లు పోలేదు. చెయ్యి చాపితే ఒక కొడవలి అరచేతిలోకి వచ్చి కూర్చుంది.

బయటికి పరుగెత్తి అత్తగారి ముసుగు ఊడబెరికాడు.

"దొంగ! దొంగ!" అని ఆవిడ కేక.

అద్దంలోంచి పైకి చూశాడు. అక్కడా అదే కొడవలి, తలకిందులుగా. ముసుగు ఆవిడ తలకి తిరిగి తగిలించి లోపలికొచ్చాడు.

అయితే ఇవి సూర్యుడే. ప్రతి చిల్లు కిందా సూర్యుడే. ఇవాళ ఒక్కరోజే కాదు, రోజూ. చుక్కలనుకుని ఇన్నేళ్లూ వాటిని తొక్కుకుంటూ తిరిగాడు. ఒక పక్క కొరికేస్తే గానీ పోల్చుకోలేకపోయాడు.

పైవాడు కిందికి దిగాడని పాస్టరుగారు చెబుతూనే ఉండేవారు, అదీ పశువుల పాకలోకని. చివరి బెంచీలో అది వినీ వినీ అరిగిపోయిన మాట. దిగడమేమిటి, పాకేమిటి అనుకునేవాడు. ఇదిగో. తను పిలవలేదు, ఊడ్చి పెట్టలేదు. మసి కొట్టు, తుప్పు రేకులు. ఎక్కడ కాస్త సందు దొరికితే అక్కడికి వచ్చేశాడు. ముక్కలుగా పంచుకుని కాదు. ప్రతి చోటా మొత్తంగా, గాయంతో సహా.

మామ తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏమయ్యా, లోకమంతా బయట ఉంటే లోపలేం చేస్తున్నావ్?" అంటూ భార్య వచ్చింది.

"ఇటు రా. తొక్కకు."

ఆమె ఒక కాలు ఎత్తి అలాగే ఆగిపోయింది. కిందికి చూసింది. నేలంతా కొడవళ్లే.

"నీకో మాట చెప్పాలి," అన్నాడు. "ఆదివారం నేను తల ఊపింది..."

"కాలు తిమ్మిరెక్కి."

"నీకు తెలుసా!"

"ఇన్నేళ్లు కాపురం చేశాను. ఆ మెడ సంగతి నాకు తెలీదా?"

"మరి ఏడ్చావు?"

"ఏడుపా నా మొహమా! నవ్వు. చర్చిలో బాగోదని నోరు నొక్కుకుంటే కళ్లలోంచి వచ్చింది."

"మరి ఇన్ని రోజులూ నోరెత్తలేదేం?"

"నువ్వే చెబుతావని. అబద్ధంతో నిన్ను నీళ్లలోకి దిగనిస్తానా? సాయంత్రం వెళ్లి పాస్టరుగారికి నేనే చెప్పేద్దామనుకున్నా."

మామ తొట్టిలోకి చూశాడు. కొడవళ్లు మెల్లగా లావెక్కుతున్నాయి.

"చెప్పకు," అన్నాడు.

ఆమె నవ్వడం ఆపింది.

"నాకు వాక్యాలు రావు. పాటలు రావు. రేపు నిలబెట్టి అడిగితే ఏం చెప్పాలో తెలీదు."

"చూసింది చెప్పు."

"రేకుల చిల్లుల్లోంచి చూశానంటే నవ్వరూ?"

"నవ్వనీ. ముందు ఆ ముసుగులో మా అమ్మని చూసి నవ్వడం అవ్వాలి కదా, తర్వాతే నీ వంతు."

ఆయన నీళ్లలో చెయ్యి ముంచాడు. కొడవళ్లు చెదిరి, మళ్లీ వచ్చి నిలిచాయి.

"నీళ్లు మంచుగడ్డలా ఉన్నాయి," అన్నాడు. "రేపు నాలుగు బిందెలు వేణ్నీళ్లు కలపమని చెప్పు."