కుండ కింద ఖాళీ గీత

పొద్దున జహీరాబాద్ నుంచి రాయికోడ్ వచ్చే మొదటి బస్సు మా బడి ముందు ఎప్పుడూ ఆగదు. పోయిన నెలలో ఒకరోజు ఆగింది. కండక్టర్ దిగి గేటు దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, మీ మ్యూజియం సారు పోయిండు. తెల్లారంగ చాయ్ అడిగిండట. చాయ్ తెచ్చేసరికి లేడట" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి పన్నెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. అది వినకుండా ఈయన ఎట్లా పోతాడని కోపం. సెలవు చీటీ రాసిచ్చి, ఆ బస్సు తిరిగి పోయేటప్పుడు ఎక్కాను.

ఆయన జహీరాబాద్‌లో నేను చదివిన హైస్కూల్లో డ్రాయింగ్ సారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, గ్రంథాలయం వెనక పాత సామాను పడేసే రెండు గదులు అడిగి తీసుకొని మ్యూజియం పెట్టారు. ఊళ్లో పెద్దవాళ్లు దాన్ని అజాయబ్‌ఘర్ అనేవారు. తుప్పు పట్టిన రెండు కత్తులు, గాజు పెట్టెలో కొన్ని నాణేలు, నవాబుల కాలపు పెద్దమనిషి ఎవరిదో ఫోటో, అంతే. బొంబాయి రోడ్డు మీద లారీలు చూస్తూ నిలబడే జనంలో పదోవంతు కూడా అక్కడికి వచ్చేవారు కాదు. మేము ఆరుగురం పిల్లలం మాత్రం పోయేవాళ్లం. చరిత్ర మీద ప్రేమతో కాదు, లోపల ఫ్యాన్ ఉండేది.

ఒక గురువారం సారు మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, "నిజం చెప్పుర్రి. గిది మీకెందుకు బాగలేదు?" అని అడిగారు. బాగుంది సార్ అని ఐదుగురం అబద్ధం చెప్పాం. మాలో చిన్నవాడు మాత్రం, "మా అవ్వ వస్తే గీండ్ల ఒక్కటి గూడ గుర్తువట్టది సార్" అన్నాడు. సారు చెవి మీది పెన్సిల్ తీసి ఆ మాటను గోడ మీదే రాసుకున్నారు. మరుసటి వారానికి కత్తులు వెనక గదిలోకి పోయాయి.

ఆ రోజు నుంచి మేము కమిటీ. ఏం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరిని పిలవాలి, ఏ రోజు పిలవాలి, అన్నీ మేమే చెప్పాలి. సలహా అడిగితే, "నన్నడుగకు బిడ్డా. రేపు చూసేటోళ్లు మీరు, నేను గాదు" అనేవారు. ఏ వస్తువు వచ్చినా ముందు మా చేత దాని బొమ్మ గీయించేవారు. "చూసిన అనకు. గీసినంక చూసిన అను." అన్నేళ్లు డ్రాయింగ్ చెప్పిన మనిషి, మ్యూజియంలో మా ముందు ఒక్క గీత గీయలేదు. తాను గీస్తే మేమంతా దాన్నే చూసి దించుతామని ఆయన భయం. చాయ్ తాగిన గ్లాసు మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టేసేవారు. ఒకసారి నాణేల పెట్టెలో దొరికింది. దీనికి కూడా చీటీ రాయమంటారా సార్ అని అడిగాను.

చీటీల సంగతి చెప్పాలి. ప్రతి వస్తువు కింద ఒకటి ఉండేది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాకిచ్చారు. చూడటానికి వచ్చినవాళ్లంతా అవి మగపిల్లలు రాశారనుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. "ఎవలు జేసిన పనికి వాళ్ల పేరు ఉండాలె సార్" అని పట్టుబట్టాను. సారు సరేనన్నారు. అప్పటినుంచి ప్రతి చీటీలో ఇచ్చినవారు, గీసినవారు, రాసినవారు అని పేర్లన్నీ ఉండేవి. ఆ నియమం నాది. చివరికి నా మెడకే చుట్టుకుంది.

మా మొదటి ప్రదర్శన విత్తనాలది. సంత రోజే పెట్టాలని మేమే అన్నాం, ఊళ్లనుంచి ఆడవాళ్లు వచ్చేది ఆ రోజే కాబట్టి. జొన్న విత్తనాలను బూడిదతో, వేపాకుతో కలిపి బుట్టలో ఎట్లా దాస్తారో చూపించడానికి రాయికోడ్ నుంచి ఒక అవ్వను పిలిచాం. ఆమె మా బుట్టను అటూ ఇటూ తిప్పి చూసి సారు మీద లేచింది. "ఏంది సారూ, గింత సదువు సదివి బుట్టను గిట్లనా ఉంచుడు? పెచ్చులూడుతున్నయి. అలుకుడు రాదా?" అని, పేడ తెప్పించుకొని, మ్యూజియం నడిమధ్యన కూర్చొని బుట్టను కొత్తగా అలికేసింది. సారు మురిసిపోయారు. వచ్చినవాళ్లందరినీ పిలిచి మరీ చూపించారు. గదిలో వారం రోజులు పేడ వాసన వచ్చింది. నేను మాత్రం ఆ రోజు ఒక తప్పు పాఠం నేర్చుకున్నాను.

మరుసటి ఏడు చిరాగ్‌పల్లి పటేల్ తన అల్లం చేనులో బావి తవ్విస్తుంటే ఒక కుండ బయటపడింది. ఎర్రమట్టి కుండ, దాని నడుం చుట్టూ తెల్లరంగుతో మనుషులు, ఒకరి చేయి ఒకరు పట్టుకొని. ఎంత పాతదో ఎవరికీ తెలియదు. పటేల్ దాన్ని తువాలలో చుట్టి తెచ్చి సారు చేతిలో పెట్టాడు. "ఐతారం మా అమ్మను తోల్కొస్త సారూ. బాయి కాడ మస్తు జనం, ఆమె సరిగ చూడనే లేదు" అన్నాడు. మేము ఆరుగురం దాన్ని గీశాం. మాలో ఒకడు ఏడుగురు మనుషులన్నాడు, నేను ఎనిమిది మంది అన్నాను. కొట్టుకునేదాకా పోయాం. సారు తీర్పు చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం తాళంచెవి నా దగ్గర ఉంది. రేపు చుట్టాలొస్తున్నారంటే మా అమ్మ ఇంట్లో ఏ గిన్నెనూ తోమకుండా ఉంచదు. కుండ మీద చూస్తే ఇంకా బావి మట్టి అట్లాగే ఉంది. రేపు పటేల్ వాళ్ల అమ్మ కూడా వచ్చి ఆ బుట్ట అవ్వలాగే సారును నలుగురిలో తిడితే? కుండను వెనక నల్లా దగ్గరికి తీసుకుపోయి, కొబ్బరి పీచు, బూడిద పెట్టి శుభ్రంగా తోమాను. తెల్లనీళ్లు కారుతుంటే బూడిదే అనుకున్నాను. కడిగి ఎండలో పెట్టి చూస్తే ఎనిమిది మందిలో ఒక్కరూ లేరు. కుండను దాని చోట పెట్టి, తాళం వేసి, ఇంటికి పోయి జ్వరమని పడుకున్నాను.

మరునాడు పోక తప్పలేదు. సారు తన దగ్గరున్న రెండో తాళంచెవితో తెరిచి, అప్పటికే కుండ ముందు కూర్చొని ఉన్నారు. నిన్న మొదటిది ఎవరి దగ్గర ఉందో ఆయనకు తెలుసు, కానీ ఏమీ అడగలేదు. ఇంతలో పటేల్ తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. కుండను చూశాడు, సారును చూశాడు.

"బొమ్మలేవి సారూ? ఎవలు జేసిన్రు గీ పని?"

సారు మా వైపు తిరగను కూడా తిరగలేదు. "నా చేతుల వెట్టినవ్ పటేలా. నేను కాపాడలే. తప్పు నాది" అన్నారు.

"నమ్మి ఇచ్చిన సారూ" అని పటేల్ తల్లి చేయి పట్టుకొని వెళ్లిపోయాడు. నేను నోరు తెరవలేదు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

వాళ్లు పోయాక సారు మామూలుగానే, "ఇప్పుడేం జేద్దాం? చెప్పుర్రి" అని అడిగారు. కుండను దాచేద్దామన్నారు కొందరు. చిన్నవాడు మన ఆరు బొమ్మలూ దాని చుట్టూ గోడకు పెడదామన్నాడు. అట్లాగే పెట్టాం. చీటీ నేనే రాయాల్సి వచ్చింది. దీని మీద మనుషుల బొమ్మలుండేవి, కడిగితే పోయాయి అని రాశాను. ఇచ్చినవారు, గీసినవారు, రాసినవారు అని పేర్లు కూడా రాసి, అక్కడ ఆపాను. సారు పెన్సిల్ తీసుకొని వాటి కింద 'కడిగినవారు' అని రాసి, పక్కన ఒక గీత గీశారు. "జాగ ఉంచుదాం. తొందరేం లేదు" అన్నారు, ఎవరినీ చూడకుండా.

తర్వాతి గురువారం తాళంచెవి మళ్లీ నా చేతిలోనే పెట్టారు. నాలుగు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది. గుమ్మం దగ్గర కొత్తగా ఒక నీళ్లతొట్టి, చెంబు వచ్చి చేరాయి. వాటి పైన సారు చేతిరాత: 'కడగాలని అనిపిస్తే చేతులు కడుక్కోండి.' ఊరంతా చదివి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, అందరికంటే గట్టిగా.

ఆ ఏడే నేను జోలపాటల రోజు పెడదామన్నాను. మా వీధిలోనే కన్నడ ఇల్లు, మరాఠీ ఇల్లు, ఉర్దూ ఇల్లు ఉన్నాయి, ఒక్కో ఇంట్లో పిల్లలు ఒక్కో పాటకు నిద్రపోతారు కదా అని. కుండ సంగతి తర్వాత కూడా సారు నా మాట విన్నారు. మగవాళ్ల ముందు పాడబోమని తల్లులు అంటే, మగవాళ్లందరినీ బయటికి పంపి, తాను కూడా బయట అరుగు మీద కూర్చున్నారు. చాయ్ గ్లాసు కడగడం రాని మనిషి ఆ మధ్యాహ్నమంతా ముగ్గురు చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకొని ఆడించారు. లోపలి పాటలు వింటూ ఆయనకే నిద్ర పట్టింది.

కుండ కింది చీటీ వెలిసిపోయినప్పుడల్లా కొత్తగా చేరిన పిల్లల చేత మళ్లీ రాయించేవారు. ఆ గీత మాత్రం తానే గీసేవారు, ఖాళీగానే. నేను టీచర్ ట్రైనింగ్‌కు పోయాను, రాయికోడ్‌లో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. జహీరాబాద్ పోయిన ప్రతిసారీ ఆయనను చూసేదాన్ని. "నీ బళ్లె పిల్లలను అడుగుతున్నవా, ఉట్టిగ చెప్తున్నవా?" అనేవారు. కుండ మాట ఎత్తేవారు కాదు. చివరిసారి పోయినప్పుడు ఆయనకు చూపు సరిగా ఆనడం లేదు. చెప్పేయాలనే పోయాను. గొంతు సవరించుకునేలోపు, "జర చాయ్ తాగి పో బిడ్డా" అన్నారు. చాయ్ తాగి వచ్చేశాను. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. అయినా ఆయనకు తెలిసి ఉండటం వేరు, నేను నోరు విప్పి చెప్పడం వేరు.

ఆయనను మహానుభావుడని అనను, వింటే నవ్వుతారు. పిల్లలను అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగిన మనిషి. అట్లా ఆగడం ఎంత కష్టమో నేను టీచరయ్యాక తెలిసింది.

ఆ రోజు బస్సు దిగి పోయేసరికి ఆయన వాకిలి నిండా జనం. నేనూ కమిటీయే, నేనూ కమిటీయే అని ఎవరెవరో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అంతా అయ్యాక కొందరం పోయి మ్యూజియం తీయించాం. గుమ్మం దగ్గర తొట్టి నిండుగా ఉంది. ఆ పూట కూడా ఎవరో నింపారు. చేతులు కడుక్కొని లోపలికి పోయాను.

కుండ ముందు చిరాగ్‌పల్లి పటేల్ నిలబడి ఉన్నాడు, తల పూర్తిగా నెరిసింది. రెండేళ్లు ఆ గడప తొక్కని మనిషి, తర్వాత ఏటా పంట రాగానే సారు ఇంటికి అల్లం పంపేవాడని విన్నాను.

"పెద్దనాయినా, ఆ కుండ కడిగింది నేను" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "ఎవలో పిల్లలేనని నాకు గా దినమే సమజైంది బిడ్డా. సారు కడుగుతడా? తాగిన చాయ్ గిలాస ఎన్నడన్న కడిగిండా?" అని నవ్వబోయి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "రాయి మరి. జాగ వెట్టిండు గద."

అప్పుడు ఏడుపు వచ్చింది. ఎవరో పెన్ను ఇచ్చారు. చేతులు ఇంకా ఆరలేదు, మొదటి అక్షరం కొంచెం చెదిరింది. గీత మీద నా పేరు రాసి పక్కకు జరిగాను. వెనక నిలబడిన ఇద్దరు పిల్లలు ముందుకొచ్చి, గోడ మీది బొమ్మల్లో మనుషులను వేలితో లెక్కపెట్టసాగారు. ఒకరికి ఏడుగురు వచ్చారు, ఇంకొకరికి ఎనిమిది. ఏది కరెక్ట్ టీచర్ అని నా వైపు చూశారు.

"నన్నడుగకుర్రి" అన్నాను.

వాళ్లు మళ్లీ మొదటి బొమ్మ దగ్గరికి పోయి, ఒకటీ రెండూ అంటూ లెక్క మొదలుపెట్టారు.