రాత్రి ఏం కూర?

ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు కదులుతుంటే ఫోన్ వచ్చింది. మా బడికి వచ్చే నర్సమ్మ తెల్లవారుజామున గుండెపోటుతో పోయిందట. ఆ రోజు గురువారం, ఆమె వచ్చి పిల్లలకు రక్తం పెరిగే నీలం గోళీలు పంచే రోజు. గోళీల డబ్బా అప్పటికే నా బల్ల మీద ఉంది.

కోరుట్ల పక్కనున్న మా హైస్కూలుకు ఆమె ఆరేళ్లు వచ్చింది. గోళీ చేతిలో పెట్టి, మింగేదాకా కదిలేది కాదు. అందరినీ ఒకటే అడిగేది: "రాత్రి ఏం కూర?" పప్పని ఒకరు, కోడిగుడ్డని ఒకరు చెప్పేవారు. గంటసేపు ఈ కూరల ముచ్చటేమిటని నాకు చిరాకు. సిలబస్ వెనకబడుతోందని ఒకసారి మొహం మీదే అన్నాను.

"నీ సిలబస్ ఏడికి పోదు టీచరమ్మా. పోయేది పిల్లలే" అంది.

ఆమె రాకముందు ఏడాదే మా పదో తరగతి పిల్లవాడొకడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ తర్వాత పిల్లల మనసు ఎలా ఉందో అవును, కాదు అని రాయించే కాగితాలు పైనుంచి వచ్చాయి. అందరూ బాగున్నామనే రాశారు. నేను కట్టకట్టి పంపబోతుంటే ఆమె తల అడ్డంగా ఊపింది.

"గీ కాయితంల అందరు మంచిగనే ఉంటరు. రాత్రి తిన్నది యాదికి లేదన్న పిల్లను నాకు చూపియ్యి. ఫస్టొచ్చేటోళ్లను గూడ ఇడిసిపెట్టకు."

అలాంటి పిల్ల ఆ ఏడాదే కనబడింది. తొమ్మిదో తరగతి, తండ్రి దుబాయిలో. "యాదికి లేదమ్మా" అంది నవ్వుతూ. నర్సమ్మ నవ్వలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగానే అడిగింది. పిల్లను అలా అడగొచ్చా అనుకున్నాను. పిల్ల భోరుమంది.

"అడిగితే ఏం కాదు టీచరమ్మా, అడగకపోతెనే భయం" అని తర్వాత నాతో అంది. "పిచ్చి డాక్టర్ కాడికా?" అని తల్లి మొరాయిస్తే, "నిద్ర పట్టెటట్టు చేసే డాక్టర్ అక్కా, నేను గూడ వస్త" అని ఇద్దరినీ బస్సెక్కించి జగిత్యాల దవాఖానకు తీసుకుపోయింది. అలా ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. నేను ఒక్కసారీ ఆమెకు మంచిమాట చెప్పలేదు.

ఆమె సొంతూరు బోయినపల్లిలో జరిగిన అంత్యక్రియలకు ఆ పిల్ల సిరిసిల్ల నుంచి వచ్చింది. అక్కడ డిగ్రీ చదువుతోందట. "గురువారం అడుగుతదని బుధవారం రాత్రన్న తినేదాన్ని టీచర్" అంది. ఆ పిల్లను పట్టుకుని ఏడ్చాను.

కొత్త నర్సు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పడం లేదు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఈ గురువారం డబ్బా నేనే తీశాను. నేను కూర అడుగుతుంటే పిల్లలకు నవ్వొచ్చింది. పప్పు, వంకాయ, మళ్లీ పప్పు. పదిలో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్ల దగ్గరికి వచ్చాను.

"యాదికి లేదు టీచర్" అంది, నవ్వుతూనే.

అంతలో గంట కొట్టారు. అందరూ బయటికి ఉరికారు. ఆ పిల్ల గోళీ మింగలేదు. చెమటపట్టిన అరచేతిలో నీలం రంగు కరిగి గీతల్లోకి పాకుతోంది. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.