కొసరు పందెం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనుమానం లేని మనిషి లేడు. గజపతినగరం బజారులో మాది బెల్లం, చింతపండు కొట్టు. తెచ్చేవాడు తడి చింతపండు అంటగడతాడేమోనని నాన్నకి, మా తూకం రాయి అరిగిందేమోనని కొనేవాళ్ళకి ఎప్పుడూ అనుమానమే. అందరినీ మించింది మా నాయనమ్మ. పాలు పోయించుకునేటప్పుడు కూడా ఆవిడ పాలవాడి మొహం చూసేది గానీ చెంబు చూసేది కాదు. నాకు ఆవిడ బుద్ధే వచ్చిందని మావాళ్ళంటారు. వస్తే ఏం, మంచిదే.

ఆ యేడు శివరాత్రి ముందురోజు మా పిన్ని వెండి కడియాలు పెట్టెలో కనపడలేదు. పుట్టింటివాళ్ళు పెట్టినవి, ఆవిడకంటూ ఉన్నవి అవే. పిన్ని ఎవర్నీ అడగలేదు. పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నెపం పొగ మీదకి నెట్టేసింది. నాయనమ్మా అడగలేదు గానీ, ఆవిడ చూపు మా చిన్నాన్న మొలలో దోపుకున్న చిన్న మూట మీద పడింది. కిందటేడు శివరాత్రికి రామతీర్థం జాతరలో చిన్నాన్న గుండాట అనే పాచికల జూదం ఆడి చేతి గడియారం పోగొట్టుకున్నాడు. ఈసారి దానికి నాలుగింతలు రాబడతానని సైకిలు తుడుచుకుంటున్నాడు.

ఆ ఆట చూడ్డానికి సులువే. డబ్బాలో రెండు పాచికలు వేసి గిలకొట్టి బోర్లిస్తారు. మొత్తం సరి వస్తుందా బేసి వస్తుందా అన్నది అసలు పందెం, గెలిస్తే పెట్టినదానికి అంతే కలిపి ఇస్తారు. దాని పక్కన ఇంకో పందెం ఉండేది, ఇష్టమైతేనే. రెండు పాచికలూ ఆరే పడతాయని ఒకటి పెడితే, పడ్డప్పుడు ఇరవై చేతిలో పెడతారు. ఆటవాడు దానికి కొసరు పందెం అని పేరు పెట్టుకున్నాడు. మా చిన్నాన్న పడిపోయింది అక్కడే. ఊహ తెలిసినప్పటి నుంచీ తూకం అయ్యాక ఓ బెల్లం ముక్క విరిచి కొసరు వేస్తూ పెరిగిన మనిషాయన. కొసరంటే అమ్మేవాడి మంచితనమనే ఆయన నమ్మకం.

నాయనమ్మ తిట్టలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప పరిచి, చింతపిక్కల బుట్ట తెచ్చుకుని, ఆ ఆటేదో నాకూ నేర్పరా అంది. చిన్నాన్న సంబరంగా జేబులోంచి పాచికలు తీశాడు. ఆట ఆడించేది నాయనమ్మ, ఆడేది మేమిద్దరం. ఇద్దరికీ చెరో దోసెడు పిక్కలు పోసి, నన్ను మాత్రం ఒట్టి సరిబేసే ఆడమంది. చిన్నాన్న ప్రతిసారీ సరిబేసి మీద ఓ పిక్క, కొసరు మీద ఓ పిక్క పెడుతూ వచ్చాడు.

ఎండ వాలేదాకా ఆడాం. రెండుసార్లు జంట ఆర్లు పడ్డాయి. పడ్డప్పుడల్లా చిన్నాన్న చాప మీద చరిచి పిక్కలు దగ్గరికి లాక్కుంటుంటే నాకు కుళ్ళొచ్చింది. తీరా చూస్తే, నా కుప్ప ఇంచుమించు ఇచ్చినంతే ఉంది, ఆయనది గుప్పెట్లో పట్టేంత అయింది.

ఇక అనుమానాలు మొదలయ్యాయి. ముందు పాచికలు అన్నాడు, అవి ఆయనవే. తర్వాత నాయనమ్మ చేతివాటం అన్నాడు. ఆఖరికి నేను నొక్కేశానని నా గౌను జేబులు దులిపించాడు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు కోపమే. ఆయన అనుమానించనిది ఒక్క కొసరునే.

నాయనమ్మ చాప మీద ఆరు వరసలు, వరసకి ఆరు చొప్పున పిక్కలు పేర్చింది. రెండు పాచికలూ పడే తీరులన్నీ ఇవేనని, జంట ఆర్లు మూలనున్న ఈ ఒక్క పిక్కేనని చూపించింది. అన్నీ తలోసారి పడ్డాయనుకుంటే, కొసరు మీద నువ్వు ముప్పై ఆరు పెట్టి ఇరవై పుచ్చుకుంటావంది. ఇరవై ఆయన వైపు జరిపి, మిగిలినవి తన ఒళ్ళో పోసుకుంది.

"సరిబేసిలో ఆట ఆడించీవోడికేటీ మిగల్దు గదరా. మరి ఆడి పొయ్యి దేంతో ఎలుగుతన్నాదో సూడు" అంది. "మన కొసరు మన ధరలోనే ఉంటాది. అదీ తూసినాకే ఏస్తాం. ఆడు తూకం కాకముందే నీ సేత కొసరేయించుకుంతన్నాడు."

చిన్నాన్న ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్నే సైకిలెక్కి వెళ్ళిపోయాడు, మూట మొలలోనే ఉంది. పిన్ని ఆ రోజు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఎలాగూ ఉపవాసం కాబట్టి ఎవరూ ఎందుకని అడగలేదు. వీధి గుమ్మం దగ్గర నేనూ ఆవిడతోపాటు కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. కొసరు లేకపోయినా వాడు ఆట ఆడిస్తాడని, నాయనమ్మ చెప్పింది తప్పు అని తేల్చాలని, జేబులో చిల్లరతో కొసరు జోలికి పోకుండా సరిబేసే ఆడాడట. కాసేపు ఆటవాడు కొసరు పెట్టమని బతిమాలాడట. తర్వాత కసురుకున్నాడట.

"కొసరెట్టనోడికి ఆట నేదు, లెగు" అని డబ్బా అటు తిప్పేసుకున్నాడట.

ఆ మాట చెబుతూ చిన్నాన్న తలెత్తలేదు. మూట విప్పి పిన్ని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పిన్ని కడియం లాక్కుని, దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి, అది తనదేనని తేల్చుకున్నాకే కాలు ముందుకు చాపింది. ఆయన తొడుగుతుంటే అప్పుడు ఏడ్చింది. నాకూ ఏడుపాగలేదు.

ఎచ్చెర్లలో చదువుకుంటున్న మా మనవడు మొన్న ఫోనులో పాచికల ఆట చూపించాడు. అసలు ఆట పక్కన బోనస్ పందేలు దీపాల్లా మెరుస్తున్నాయి. అవి మన ఇష్టమే నాయనమ్మా, అన్నాడు. ఇష్టమే, కాదనను. కూరగాయల దగ్గరైనా, బ్యాంకులోనైనా, ఎవరైనా పక్కన ఇంకోటి నవ్వుతూ జరిపితే నేను ఒక్కటే అడుగుతాను, అది వద్దంటే అసలుది ఇస్తావా అని. అడిగి, వాడి మొహం చూస్తాను. ఆ నవ్వు మాయమైతే లేచి వచ్చేస్తాను.