టికెట్లు తెచ్చే టికెట్టు

ఎర్రదిన్నె హాల్టులో ఉన్నవి మూడే: రేకుల షెడ్డు, సిమెంటు బెంచీ, కమీషను మీద టికెట్లమ్మే ఉచ్చీరప్ప. టికెట్లు అయిపోతే అతను ఆదోని స్టేషనుకు వెళ్లి కొత్త కట్ట తెచ్చుకోవాలి. వెళ్లాలంటే రైలెక్కాలి, ఎక్కాలంటే టికెట్టుండాలి. అందుకే ప్రతి కట్టలోనూ చివరి టికెట్టు తనకోసం ఆంజనేయస్వామి పటం వెనక దోపేవాడు. ఇరవై రెండేళ్లలో ఆ హాల్టులో టికెట్టు లేకుండా ఎవరూ బండెక్కలేదు, అతనితో సహా.

నేను ఆ ఊరి బడిలో పంతులుగా ఉన్న రోజుల్లో ఒక ఎండాకాలం కబురొచ్చింది. ఎక్కేవాళ్లున్నారో లేరో చూడటానికి అధికారి వస్తున్నాడు. లేరని రాస్తే హాల్టు మూసేస్తారు. ఉచ్చీరప్ప ఇల్లిల్లూ తిరిగి, "రేపు అందరూ టికెట్టు కొనండప్పా" అని బతిమాలాడు. ఊరు మాట నిలబెట్టుకుంది. పొద్దుటి బండికే కట్ట ఖాళీ. కానీ కొన్న టికెట్టును వృథా చేయడం ఆ మెట్ట ఊళ్లో ఎవరికీ చేతకాదు. ఊరంతా ఆదోని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బండిలో హరికృష్ణ అనే ఆ అధికారి దిగేసరికి ఉచ్చీరప్ప ఒక్కడే ఉన్నాడు. బెంచీ మీద పుస్తకంతో నేనూ ఉన్నాను గానీ, నాది నెల పాసు, లెక్కలోకి రాను.

"జనమేరయ్యా?"

"ఆదోనిలో ఉండారు సార్."

"ఆదోని జనాన్ని చూడ్డానికి ఇంతదూరం రాలేదు. మూసేయమనే రాస్తా. తిరుగు బండికి టికెట్టివ్వు. నా పాసు సంచిలో ఉంది, సంచి బండిలో పోయింది."

"టికెట్లు అయిపోయినాయి సార్."

"మనుషుల్లేని చోట టికెట్లెట్లా అయిపోతాయి?"

"మనుషులు కొంటేనే కద సార్ అయిపోయేది."

"ఆ పటం వెనక కనపడేదేంటి మరి?"

"అది టికెట్లు తెచ్చే టికెట్టు సార్."

ఉచ్చీరప్ప లేచి, పటానికి దండం పెట్టి, టికెట్టు తీసి హరికృష్ణ చేతికిచ్చాడు.

"మీరు పెట్టుకోండి సార్. నేను నడ్సుకుంటా పోతాను. రేపటి బండికి టికెట్లుండల్ల కదా."

"మూసే స్టేషనుకు టికెట్లెందుకయ్యా?"

"మూసేది రేపు కాదు కద సార్. షెడ్డు రొంత సూస్తాండండి."

తాళంచెవి కూడా ఇచ్చి, పట్టాల పక్క కాలిబాటన ఆదోని వైపు నడిచాడు.

కాసేపటికి, వంట కోసం ఊళ్లో ఆగిపోయిన సునీత వచ్చింది. వాళ్లక్కకు ఆదోని ఆస్పత్రిలో కాన్పయితే అన్నం క్యారియరు తీసుకుపోతోంది. షెడ్డులో కూర్చున్న కొత్త మనిషిని చూసి, "అన్నా, ఆదోనికి ఒగటియ్యి" అంది.

"టికెట్లు లేవమ్మా."

"సేతిలో ఉండేదేంది?"

"ఇది నాది."

"టికెట్లమ్మేటోడు టికెట్టు దాసుకునేది యాడన్నా సూసినారా సార్?" అని నన్నడిగింది. నేను పేజీ తిప్పాను. "బాలింతకు అన్నం అన్నా. సల్లారిపోతాంది."

హరికృష్ణ టికెట్టును రెండు వైపులా చూసుకుని ఆమెకిచ్చాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, నెత్తిన చేతిగుడ్డ కప్పుకుని, అతనూ కాలిబాట పట్టాడు. బండొచ్చాక తాళమేసి నేనూ ఎక్కాను.

ఆదోని ఇంకా రెండు మైళ్లుందనగా సిగ్నల్ పడక బండి ఆగింది. కిటికీ పక్కనే ఇద్దరూ ముందూ వెనకా నడుస్తున్నారు. నేను ఉచ్చీరప్పకు తాళంచెవి అందించాను.

"ఎక్కండన్నా, ఎండకు సస్తారు" అంది సునీత.

"టికెట్టు లేదు కద తల్లీ" అన్నాడు ఉచ్చీరప్ప.

హరికృష్ణ మెట్టు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

నెల తర్వాత వచ్చిన కాగితాన్ని ఉచ్చీరప్ప నాచేత చదివించుకున్నాడు. 'ఎర్రదిన్నెలో ఎక్కేవారికి టికెట్లు చాలడం లేదు. ఇకపై ఒక కట్ట అదనంగా ఇవ్వవలెను.'

హాల్టు నిలిచింది. అప్పటినుంచి పటం వెనక రెండు టికెట్లు ఉంటున్నాయి. ఒకటి టికెట్లు తెచ్చేది. రెండోది ఆ సారు మళ్లీ వస్తే ఇవ్వడానికట.