ఖాకీ బకెట్

మాదాపూర్‌లో మా కంపెనీ తెరిచిన కొత్తలో, శుక్రవారాలు ఖాకీ ప్యాంట్లు వేసుకురావచ్చని మేనేజరు చెప్పాడు. ఖాకీ అమెరికా ఫ్యాషనట! నాకు ఒళ్ళు మండింది. ఖాక్ అంటే ఉర్దూలో దుమ్ము. దుమ్ములో తిరిగే సిపాయిల బట్టలు మాసినా తెలియకూడదని వాటికి ఆ రంగు వేయించిన తెల్లదొరలు, ఆ మాటను కూడా ఇంగ్లీషులో కలిపేసుకున్నారు. లింగంపల్లిలో మా ఇంట్లో ఖాకీ అంటే సిటీ బస్సు నడిపే నాయన యూనిఫాం. అమ్మ దాన్ని వేరే బట్టలతో కలపకుండా విడిగా ఒక బకెట్‌లో నానబెట్టేది.

అంత మండిపడ్డవాణ్ణి, నేనూ ఒక ఖాకీ ప్యాంటు కొన్నాను. నాయన దాన్ని చేత్తో పట్టి చూశాడు.

"గిది ఖాకీ ఏందిరా? బిస్కెట్ రంగున్నది. ఏసీల కూసునేటోనికి దుమ్మెక్కడిది?"

ఆ శుక్రవారం అదే వేసుకెళ్ళి, సాయంత్రం స్కూటర్ మీద ఇంటికి వచ్చాను. దారి పొడుగునా బండలు పేల్చి, ఎర్రమట్టి తవ్వి కొత్త భవనాలు కడుతున్నారు. అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఆ ప్యాంటు మీ నాయిన బకెట్ల ఎయ్యి."

వేశాను. కాసేపటికి నాయన వచ్చి బకెట్‌లోకి తొంగిచూశాడు. నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి.

"ఇగ ఖాకీ అయింది," అన్నాడు.