మొదటి ఫిర్యాదు నాదే

మాది కోయంబత్తూరు దగ్గర సింగానల్లూరు. నిరుడు నేను ప్రోగ్రామర్ ఉద్యోగం వెతుక్కుంటుంటే ఒక సేవాసంస్థ ఇంటర్వ్యూకి పిలిచింది. మదురై వైపున్న కంబం తోటల్లో కూలి ఎగ్గొట్టేవారిపై కూలీలు ఫిర్యాదు చేసుకునే యాప్ వాళ్లకు కావాలట. "పరీక్షగా మొత్తం చేసి చూపించండి" అన్నారు. మూడు వారాలు కూర్చుని చేసి పంపాను. ఆ తర్వాత నా ఫోనే ఎత్తలేదు.

మొన్న మదురైలో ఆ యాప్ ప్రారంభోత్సవమని తెలిసి మా అవ్వతో వెళ్లాను. తెరమీద అన్నీ నేను చేసిన పేజీలే. నమూనా కూలీగా నేను పెట్టిన అవ్వ పేరు, ఫోటో కూడా తీయలేదు!

అవ్వ దిగ్గున లేచింది. "ఏమి సార్, అది నేనుగదా! మా పాపగదా ఇది చేసింది! చేసిన పనికి సంబళం ఇచ్చిరా?"

హాలంతా మావైపు తిరిగింది. నేను సిగ్గుతో తలెత్తలేకపోయాను.

వేదికమీదున్న ఆ సంస్థ డైరెక్టరూ మాలాగే తెలుగువాడే. నవ్వుతూ, "సేవకు సంబళమేమి అవ్వా? పైకి రాండి, శాలువ కప్పుతాము" అన్నాడు.

దాంతో నా సిగ్గు కాస్తా పోయింది. అక్కడే ఫోన్ తీసి, ఆ యాప్‌లోనే ఆయన మీద ఫిర్యాదు పెట్టాను. తెరమీద "కొత్త ఫిర్యాదు" అని పడగానే, అదేమిటో చదవకుండానే వేదికమీది పెద్దలంతా చప్పట్లు కొట్టారు.

అది ఇంకా "పరిశీలనలో" ఉంది. యాప్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎంతైనా నేను చేసింది కదా!